పుట్టగానే ఏడవని బిడ్డకు ‘వాపు తగ్గే ఇంజెక్షన్’ బయట నుంచి తెప్పించాలా?

మీ చెల్లెలి బిడ్డ పుట్టగానే ఏడవలేదని, మెదడులో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉందన్నారని రాశారు. ఎర్ర రక్తకణాలు పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ అనే ఇంజెక్షన్ అందుకు చెన్నై నుంచి తెప్పించాలా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. నాలుగేళ్ల కిందట ఇదే టెన్షన్‌తో తిరుపతిలో ఒక ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) బయట పదకొండు రోజులు కూర్చున్న తండ్రిని.

మాది పీలేరు దగ్గర పల్లె. బాబు ఏడవకపోయేసరికి 108లో వేసుకుని భాకరాపేట ఘాట్ దిగాం. మర్నాడే ఫిట్స్ మొదలయ్యాయి. మెదడులో ‘వాపు’ అనగానే కాలు బెణికితే వచ్చే వాపులాంటిదే అనుకున్నా. మందుల షాపులో తెలిసినాయన డెక్సా (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) వేయిస్తే తగ్గిపోతుందన్నాడు. ఆ మాటే డాక్టరమ్మ దగ్గర అంటే, ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమంది.

ఆవిడ చెప్పిందేమిటంటే, పుట్టేటప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందక జరిగే నష్టం ఒక్కసారిగా అయిపోదట. కొన్ని గంటలు కుదుటపడినట్టే ఉంటుంది. తర్వాత రెండు మూడు రోజుల పాటు కణాలు మళ్లీ చనిపోతుంటాయి. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా అనే కణాలు అప్పుడు రెచ్చిపోయి పక్కనున్న మంచి కణాలనూ దెబ్బతీస్తాయి. చిక్కేమిటంటే, చెత్త ఊడ్చి మరమ్మతు చేయాల్సిందీ ఆ కణాలే. ఏ గంటలో అణచాలో, ఎప్పుడు వదిలేయాలో తేలకే మందుల తయారీ ముందుకు సాగడం లేదు. డెక్సా అయితే, నెలలు నిండని పిల్లలకు మొదటి వారంలో ఇచ్చినప్పుడు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతుల కదలిక సరిగా లేకపోవడం) ముప్పు పెరిగిందని ముందే తేలింది. షాపాయన మంచి మనసుతోనే చెప్పాడులెండి.

మీరడిగిన ఇంజెక్షన్ జంతువుల్లో బాగా ఆశ పుట్టించింది. అమెరికాలో 500 మంది పసికందుల మీద, ఒళ్లు చల్లబరిచే చికిత్సతో పాటు ఇచ్చి చూశారు. 2022లో వచ్చిన ఫలితం: చావుల్లోగానీ వైకల్యంలోగానీ తేడా లేదు, తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువ.

చల్లబరచలేదని కూడా ఆసుపత్రి మీద కోపం పెట్టుకోకండి. ఆరు గంటల్లోపు మొదలుపెట్టి 72 గంటలు 33.5 డిగ్రీల దగ్గర ఉంచే ఆ పద్ధతి ధనిక దేశాల్లో పిల్లల్ని కాపాడింది. మన దేశం, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది మీద చేసిన హీలిక్స్ పరిశోధనలో మాత్రం చల్లబరిచిన వాళ్లలో 42 శాతం, మామూలు వైద్యం అందిన వాళ్లలో 31 శాతం చనిపోయారు. 2021లో బయటికొచ్చిన ఈ సంగతి చదివాక, చల్లబరచలేదే అని నా మనసులో ఉన్న ముల్లు కాస్త కదిలింది.

ఇప్పుడు మీరు అడగాల్సినవి వేరే: ఫిట్స్ అదుపులో ఉన్నాయా, షుగర్ పడిపోతోందా, జ్వరం రానివ్వకుండా చూస్తున్నారా, ఎంఆర్‌ఐ ఎప్పుడు. డిశ్చార్జి అయ్యాక ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లాల్లో పెట్టిన సత్వర చికిత్స కేంద్రం (డీఈఐసీ) గురించి కనుక్కోండి, అక్కడ డబ్బు కట్టక్కర్లేదు.

మావాడు ఎడమకాలి మునివేళ్ల మీద నడుస్తాడు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక ఆపడం లేదు. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు చొప్పున రెండేళ్లు తిరిగాం. ఇంజెక్షన్‌కని తీసిపెట్టిన డబ్బు ఆ బస్సు చార్జీలకు ఉంచండి.