సమీక్ష రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మీ అత్త ఆశీర్వదించి రాయునది.

థాయ్, జపాన్ దేశాల బీఎల్ (బాయ్స్ లవ్) సిరీస్‌లు చూస్తున్నావనీ, వాటి మీద తెలుగులో విమర్శలు రాయాలనుకుంటున్నావనీ నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. ఇద్దరు మగపిల్లల ప్రేమకథలను ఈ వయసులో నేను ఇంత శ్రద్ధగా చూడటం మన ఇంట్లో కొందరికి ఇప్పటికీ వింతగానే ఉంది. అయినా 2016లో వచ్చిన థాయ్ సిరీస్ ‘సోటస్’తో మొదలుపెట్టి ఇన్నేళ్లుగా చూస్తున్నదాన్ని కనుక, నాకు ఆలస్యంగా తెలిసివచ్చిన కొన్ని సంగతులు నీకు ముందే చెప్పాలనిపించింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెబుతాను. సబ్‌టైటిళ్లు చదివి ఊరుకోకు, పిలుపులు విను. థాయ్‌లో తనకన్నా పెద్దవారిని ‘పీ’ అనీ, చిన్నవారిని ‘నోంగ్’ అనీ అంటారు. మర్యాదలన్నీ పక్కనపెట్టిన చోట ‘కూ’, ‘ముంగ్’ అనుకుంటారు. మన ‘ఒరేయ్’ ఎలాగైతే ప్రాణస్నేహితుల మధ్యా, కొట్టుకోబోయే వాళ్ల మధ్యా ఒకేలా వినిపిస్తుందో, ఆ మాటలూ అంతే. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లలో ఇవన్నీ ఒకే ‘యూ’ కింద కలిసిపోతాయి. 2021లో మొదలైన ‘బ్యాడ్ బడ్డీ’లో పాట్, ప్రాన్ ఒకే ఈడువాళ్లు, పగబట్టిన రెండు కుటుంబాలలో పక్కపక్క ఇళ్లలో పెరిగినవాళ్లు, ఒకడు ఇంజినీరింగ్, ఇంకొకడు ఆర్కిటెక్చర్. వాళ్ల మధ్య పెద్దా చిన్నా లేదు కనుక ‘పీ’ అన్న పిలుపుకు చోటు లేదు. వాళ్ల ప్రేమలో ఎవరిదీ పైచేయి కాకపోవడానికి ఆ సమానత్వం ఎంతవరకు కారణమో నీవే గమనించు. నువ్వు, మీరు, తమరు అనే తేడాలతో పెరిగిన మనకు ఇది చెవికి తొందరగా అందుతుంది. ఇంగ్లీషులో రాసే విమర్శకుల కన్నా నీకు ఇక్కడ వీలెక్కువ.

ఇంకొక మాట కూడా చెవిన పెట్టుకో. ‘సోటస్’ మొదట్లోనే, మొదటి సంవత్సరం విద్యార్థి కాంగ్‌ఫోబ్ అందరి ముందూ నిలబడి, సీనియర్ ఆర్థిత్‌ను తన ‘మియా’గా చేసుకుంటానని అంటాడు. ‘మియా’ అంటే భార్య అని సబ్‌టైటిల్ చెబుతుంది. కానీ థాయ్‌లో భార్యకు ‘ఫన్రయా’ అనే గౌరవమైన మాట వేరే ఉంది. ‘మియా’ మన ‘పెళ్లాం’కు దగ్గర. అది ముద్దుగానూ పలకవచ్చు, తక్కువ చేసీ పలకవచ్చు. ఇద్దరు మగవాళ్లలో ఒకరు తప్పనిసరిగా ‘పెళ్లాం’ కావాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది, ఆ మాట విన్నప్పుడు అవతలివాడి ముఖంలో ఏం కదిలింది, తరువాతి ఎపిసోడ్లలో అది ఎలా మారింది అని అడుగుతూ పోతే ఒక్క మాట మీదే మంచి వ్యాసం తయారవుతుంది. ఈ కథల మూలాలు 1970లలో జపాన్‌లో స్త్రీలు ఆడపిల్లల కోసం గీసిన బొమ్మల కథల్లో ఉన్నాయనీ, ఒకరు చొరవ చూపేవాడు, ఇంకొకరు అంగీకరించేవాడు అన్న పాత్రల విభజన ఆ సంప్రదాయంలో బలపడిందనీ తెలిస్తే నీ ప్రశ్నకు దారి దొరుకుతుంది.

‘సోటస్’లోనే సీనియర్లు కొత్తవాళ్ల మీద అరిచే దృశ్యాలను ప్రేమకు నేపథ్యంగా తీసుకొని సరిపెట్టుకోవద్దు. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ 1997లోనే చట్టం తెచ్చుకున్న ఆంధ్రప్రదేశ్‌లో చదువుకున్నవాళ్లం మనం. ఆ అరుపుల బరువేమిటో మనకు తెలుసు.

అంగీకారం విషయంలో మాత్రం మొహమాటపడవద్దు. 2019 నాటి ‘థార్న్‌టైప్’ వంటి వాటిలో, ఒంటి మీద తెలివిలేని మనిషిని తాకడాన్ని ప్రేమకు తొలిమెట్టుగా చూపించారు. నటన బాగుందని, జంట అందంగా ఉందని దాన్ని దాటేస్తే నీ విమర్శకు విలువ ఉండదు. అలాగని సిరీస్ మొత్తాన్నీ ఒక్క మాటతో కొట్టిపారేయడమూ సరికాదు. తప్పు ఏ దృశ్యంలో ఉంది, కథ దాన్ని తప్పుగా గుర్తించిందా, లేక వెనుక నుంచి మధురమైన సంగీతం వేసి కప్పేసిందా అన్నది విడదీసి చెప్పు. ఆ సంగీతం ఎప్పుడు మొదలైందో గమనించడం నాకు చాలాసార్లు ఉపయోగపడింది.

ముద్దులు లెక్కపెట్టి సిరీస్‌కు మార్కులు వేసే అలవాటు అభిమానుల్లో ఉంది. అది నీకు అంటకూడదని నా కోరిక. 2019లో జపాన్‌లో వచ్చిన ‘వాట్ డిడ్ యూ ఈట్ యెస్టర్‌డే’ తప్పక చూడు. నడివయసు లాయరు షిరో, క్షౌరశాలలో పనిచేసే కెంజీ ఒకే ఇంట్లో ఉంటారు. షిరో ఆఫీసు వేళ కాగానే లేచి, చవకగా వచ్చే కూరగాయలు కొనుక్కొచ్చి వండుతాడు. ఒకరోజు పుచ్చకాయ కొనబోయి, ఇద్దరికి అంత పెద్ద కాయ ఎక్కువవుతుందని, కొట్లో కలిసిన ఒక గృహిణితో చెరిసగం పంచుకుంటాడు. ఆ సగం కాయతోనే రెండు కుటుంబాల మధ్య స్నేహం మొదలవుతుంది. కెంజీ తన ఇంటి సంగతులు పనిచేసే చోట సంతోషంగా చెప్పుకుంటాడు, షిరో ఆఫీసులో నోరు విప్పడు. ఇద్దరి మధ్య తగాదా అంతా ఆ తేడాలోనే ఉంది. భోజనాల బల్ల దగ్గర వాళ్లు కూర్చున్న తీరును నీవు వర్ణించగలిగితే, అంతకన్నా మంచి సమీక్ష నేను కోరను.

దేశకాలాలు తెలుసుకోకుండా తీర్పు చెప్పడం నేను చేసిన పొరపాటు. చైనాలో 2019లో వచ్చిన ‘ది అన్‌టేమ్డ్’ చూసి, మూల నవలలో ప్రేమికులైనవారిని మనసెరిగిన మిత్రులుగా మార్చారని కోపంతో, ఇది పిరికి రచన అని స్నేహితురాళ్లకు రాశాను. అంతకు మూడేళ్ల ముందే, ఇద్దరు అబ్బాయిల ప్రేమను చూపిన ‘అడిక్టెడ్’ అనే సిరీస్‌ను అక్కడి సైట్ల నుంచి తీసేశారని తరువాత తెలిసింది. అది తెలిశాక మళ్లీ చూస్తే, ఒకరు వేణువు ఊదుతుంటే ఇంకొకరు తంత్రీవాద్యంతో జవాబు చెప్పడం ఎంత తెగువో అర్థమైంది. అదే విధంగా, థాయ్‌లాండ్‌లో స్వలింగ వివాహ చట్టం అమలులోకి వచ్చింది 2025 జనవరి 23న మాత్రమే. అంతకు ముందు వచ్చిన సిరీస్‌లో ‘నిన్ను పెళ్లి చేసుకుంటా’నన్న మాట వినిపిస్తే, అది అప్పటికి చట్టంలో చోటులేని మాట అని గుర్తుంచుకొని రాయి.

మన దగ్గర 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ నుంచి విముక్తి ఇచ్చినా, 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కును మాత్రం ఇవ్వలేదు. నీ సమీక్ష చదివేవారిలో, ఇంట్లో నోరు విప్పలేని స్వలింగ ప్రేమికులు తప్పకుండా ఉంటారు. వాళ్ల గురించి రాసేటప్పుడు చులకన మాట ఒక్కటీ దొర్లనివ్వకు. మనకు కాలక్షేపమైన కథ వాళ్లకు జీవితం.

నటుల జోలికి పోవద్దు. తెర మీద జంటగా కనిపించినవారిని థాయ్ అభిమానులు ‘ఖూజిన్’ అంటారు, అంటే ఊహల్లో కట్టుకున్న జంట. ఊహ అన్న సంగతి ఆ పేరులోనే ఉంది. వాళ్లలో ఎవరికి నిజంగా ఎవరంటే ఇష్టమో వెతకడం విమర్శకురాలి పని కాదు, మర్యాదా కాదు.

ఇక రాసే పద్ధతి సంగతి. మొదటిసారి చూస్తున్నప్పుడు కలం పట్టకు, హాయిగా చూడు. రెండోసారి పుస్తకం దగ్గర పెట్టుకొని, ఎన్నో ఎపిసోడ్, ఎన్నో నిమిషం అన్నది రాసుకో. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అన్న మాట రాసిన ప్రతిచోటా పక్కన ఆ నిమిషం అంకె ఉండాలి. మొదటి సమీక్షకు ‘బ్యాడ్ బడ్డీ’ అయిదో ఎపిసోడ్ చివర మేడ మీది దృశ్యం తీసుకో. అందులో వాళ్లు ఒకరినొకరు ఏమని పిలుచుకున్నారో రాసి, ముందు నాకు పంపు.

ఇట్లు,
మీ అత్త