ఒక్కరోజులో హైదరాబాద్: అడిగినవీ, చూపించాల్సినవీ

మీ విదేశీ అతిథులు చార్మినార్, గోల్కొండ అడుగుతున్నారు, మీకేమో ఇంకేదైనా చూపించాలనుంది. రెండూ కుదురుతాయి, వరుస మార్చండి చాలు.

పొద్దున ఏడున్నరకే చార్మినార్ దగ్గర దిగండి. ఫొటోలకు జనం అడ్డురారు, పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. కానీ లాడ్‌బజార్‌లో చాలా దుకాణాలు పదకొండు దాకా తెరవరు, గాజుల కోసం ఎదురుచూడొద్దు. అక్కణ్ణుంచి ఆటోలో ‘పైగా’ సమాధులకు, అంటే నిజాంల కాలపు పైగా ప్రభువంశం వాళ్ల సమాధులకు, వెళ్లండి. ఆ సున్నపు నగిషీ, పాలరాతి జాలీలు చూడ్డానికి గంట పడుతుంది. నా లెక్కన రోజంతటిలో అసలు చూడాల్సింది ఇదే.

మధ్యలో సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ కూడా చూపించాలనుకుంటే శుక్రవారం మాత్రం వద్దు, రెండూ మూతే.

గోల్కొండ సాయంత్రానికి ఉంచండి. మధ్యాహ్నం రాళ్లు కాలి, ఎక్కేవాళ్లు సగంలోనే కూలబడతారు. మనిషికో లీటరు నీళ్లు, పట్టున్న చెప్పులు తప్పనిసరి. కొండెక్కే ముందు బాలా హిస్సార్ ద్వారం దగ్గర చప్పట్లు కొట్టించడం మరిచిపోకండి, ఆ చప్పుడు కొండపైదాకా వినిపిస్తుంది.