బుల్లెట్ల సంగతి వద్దు గానీ, సీసం సంగతి చెబుతా

అడిగినాయనది మా కర్నూలే. అమెరికాలో ఉన్న వాళ్ల బావ గ్యారేజీలో సీసం కరిగించి హాలో పాయింట్ బుల్లెట్లు పోసుకుంటాడట. ఆ వీడియో చూసి ఈయనకూ సరదా పుట్టింది. "ఇంట్లో నేర్చుకోవచ్చా? బావ అచ్చు పంపిస్తానంటున్నాడు" అని ప్రశ్న.

బుల్లెట్ల వరకూ నా జవాబు ఒక్క ముక్క: వద్దు. అమెరికాలో సొంత తుపాకీకి సొంతంగా పోసుకోవడం చాలామందికి ఆదివారం కాలక్షేపం. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 2019లో చట్టాన్ని సవరించాక శిక్ష ఏడేళ్ల దగ్గర మొదలై యావజ్జీవం దాకా పోతుంది. సరదా కోసం అని చెబితే వినేవాళ్లు ఎవరూ ఉండరు.

అందులోనూ మనం కర్నూలోళ్లం. సినిమాల పుణ్యమా అని ఊరి పేరు చెప్పగానే జనానికి నాటుబాంబులూ, సుమోలూ కనిపిస్తాయి. హైదరాబాద్‌లో నాకు ఇల్లు అద్దెకిచ్చినాయన అడ్వాన్స్ తీసుకుంటూ "మీ ఇళ్లల్లో బాంబులు చుడతారంట కదా" అని నవ్వాడు. మా ఇంట్లో అల్లింది వలలు స్వామీ, అన్నాను. నమ్మినట్టు లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ నన్నే అనుమానంగా చూసేవాడు, దానికీ దీనికీ సంబంధం ఏమిటో.

ఇంకో సంగతి. ఈ హాలో పాయింట్ అంటే ముక్కు దగ్గర గుంత ఉన్న తూటా. ఒంట్లో దిగగానే పువ్వులా విచ్చుకుని లోపలంతా చీల్చేస్తుంది. ఈ రకం తూటాల మీద అంత గొడవ మొదలైంది మన దేశంలోనే. 1890ల్లో కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో తెల్లోళ్లు విచ్చుకునే తూటాలు చేయించారు. డమ్‌డమ్ బుల్లెట్ అనే పేరు అక్కణ్నించి వచ్చిందే. 1899లో హేగ్‌లో చాలా దేశాలు కూర్చుని యుద్ధంలో అలాంటివి వాడకూడదని రాసుకున్నాయి. పెరట్లో సరదాగా పోసుకునే వస్తువు కాదది.

సీసం పోత మీదే మీకు ఇష్టం ఉంటే మాత్రం మాట్లాడుకోవచ్చు. ఎందుకంటే నేను పెరిగింది సీసం పోసే ఇంట్లో. మాది బెస్తోళ్ల కుటుంబం. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే చోటుకు దగ్గర్లో మా పాత ఇల్లు. విసురువల అంచుకు చుట్టూ సీసం గుండ్లు ఉంటాయి కదా, అవి మా చిన్నాయన ఇంట్లోనే పోసేవాడు. ఎండాకాలం ఆఖర్లో, సుంకేసుల ఆనకట్ట నుంచి కొత్తనీళ్లు దిగకముందే ఆ పని అయిపోవాలి.

ఆయన దగ్గర రెండు చెక్కలుగా విడిపోయే ఇనుప అచ్చు ఉండేది. వల తాడు దూరాలి కాబట్టి గుండు మధ్యలో బొక్క కావాలి, అందుకని అచ్చులో ఒక సన్న ఊచ నిలబడేది. అసలు నేర్పంతా ఆ ఊచ దగ్గరే ఉందని ఇప్పటికీ నా నమ్మకం. అచ్చు వేడెక్కినా ఊచ చల్లగా ఉంటే సీసం దాని చుట్టూ సరిగ్గా పారదు, గుండు ముసలోళ్ల చర్మంలా ముడతలు పడి బయటికొస్తుంది. మొదటి గుండ్లన్నీ అంతే. చిన్నాయన వాటిని చూడను కూడా చూడకుండా మళ్లీ మూకుట్లోకి విసిరేసేవాడు. అచ్చు బాగా కాగాకే గుండు నున్నగా దిగుతుంది. మరీ కాగితే పైన బూడిద పూసినట్టు మసక తేలుతుంది, అప్పుడు కాసేపు ఆగాలి. యూట్యూబ్‌లో ఈ ఆగడం చూపించరు. పాట పెట్టి, రెండు నిమిషాల్లో మెరిసే గుండ్లు చూపిస్తారు. చేతులకు గ్లౌజులుండవు, కాళ్లకు హవాయి చెప్పులు.

ఒక ఏడాది జరిగింది చెబుతాను, నా జవాబంతా దీని కోసమే. పెరట్లో రేకుల పందిరి కింద పొయ్యి మీద మూకుడు, అందులో సీసం కరిగి అద్దంలా ఉంది. చిన్నాయన పైన తేలిన చిట్టెం గరిటెతో తీస్తున్నాడు. అప్పుడు పక్కింటి మామ తన చిరిగిన వల గుండ్లు ఊడదీసి చిన్న బకెట్లో పట్టుకొచ్చాడు, వాటినీ కరిగించి కొత్తవి పోసుకుందామని. వల పొద్దున్నే నీళ్లలోంచి వచ్చింది. గుండ్లు పైకి ఎండినట్టే ఉన్నాయి. చిన్నాయన తల తిప్పేలోపే మామ ఒక పిడికెడు తీసి మూకుట్లో వేశాడు.

'ఢాం' అని ఒక్కటే చప్పుడు. మూకుట్లో ఉన్న సీసంలో సగం పైకి లేచింది. పైన రేకుకు కొట్టుకుని చినుకులై రాలింది. కోళ్లు గోడ దూకి పారిపోయాయి. మామ లుంగీ నిండా బొక్కలు, ముంజేతి మీద కందిగింజంత సీసం అతుక్కుని కాలుతోంది. నన్ను మా అవ్వ జుట్టు పట్టుకుని లోపలికి లాగింది. చిన్నాయన "నీళ్లెక్కడివిరా, నీళ్లెక్కడివి!" అని అరుస్తున్నాడు. మామ ఏడుస్తూ "ఎండినవే వేసినా అన్నా" అంటున్నాడు.

నీళ్లు ఉన్నది ఆ గుండ్ల బొక్కల్లో. ఒక్కో బొక్కలో ఒక చుక్క ఉన్నా చాలు. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర, నీళ్లు మరిగేది 100 దగ్గర. కరిగిన సీసం కింద చిక్కిన చుక్క ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. పైనున్న లోహాన్ని ఎగరగొట్టడం తప్ప దానికి వేరే దారి లేదు. పైన పడిన చుక్క చిటపటలాడి పోతుంది, లోపలికి పోయిన చుక్కే ప్రాణం తీస్తుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి. పాత సీసం ఏదైనా చల్లటి మూకుట్లోనే వేసి, పొయ్యి తర్వాత వెలిగించాలి. కాగుతున్న దాంట్లోకి బయటి ముక్క వేయకూడదు. ముడత గుండ్లు తిరిగి వేయొచ్చు, అవి అప్పటికే వేడి మీద ఉంటాయి కాబట్టి.

కాలడం అందరికీ భయమే. దానికంటే నెమ్మదిగా చంపేది ఇంకొకటుంది, దాని గురించి ఎవరికీ భయం లేదు. గరిటెతో తీసిన చిట్టెం చల్లారాక సన్నటి బూడిద దుమ్ము అవుతుంది. అది చేతులకు అంటుకుని, చేతుల నుంచి అన్నంలోకి పోతుంది. పిల్లల ఒంట్లో సీసం ఇంత వరకూ ఉంటే ఫర్వాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా అవ్వకు ఆ సంస్థ సంగతి తెలియదు గానీ, సీసం మూకుడు వంటింటి గడప దాటనిచ్చేది కాదు. చిన్నాయన సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోకపోతే కంచం పెట్టేది కాదు. ఇంగ్లండ్‌లో గాలపు సీసం గుండ్లు మింగి హంసలు చచ్చిపోతున్నాయని 1987లో వాటిలో చాలా సైజులను నిషేధించారు. మన దగ్గర హంసలు లేవు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సీసం కోసం పాత బ్యాటరీలు మాత్రం పగలగొట్టొద్దు. రోడ్డు పక్కన కొందరు సుత్తితో పగలగొట్టి యాసిడ్‌ను కాలవలోకి వంపేస్తుంటారు, చూస్తే ఒళ్లు మండుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు వచ్చాక కూడా అదే తంతు. పాత బ్యాటరీని కొత్తది కొనే షాపులో ఇస్తే డబ్బులు తగ్గిస్తారు కదా, అక్కడే ఇచ్చేయండి.

2009 అక్టోబర్ వరదలో మా పెరడు మొత్తం మునిగింది. అచ్చు బురదలో దొరికింది గానీ ఊచ తుప్పు పట్టి విరిగిపోయింది. ఇప్పుడు చిన్నాయన కొడుకు రెడీమేడ్ గుండ్లు కొంటున్నాడు, కొన్ని వలలకు ఇనుప గొలుసు కడుతున్నాడు. నన్నడిగితే అదే మంచిది.

గురి చూసి కొట్టడం మీద సరదా అయితే గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళాలుండే ఎయిర్ రైఫిల్, అంటే గాలి తుపాకీ, చూడండి. గొట్టం దాటేటప్పుడు గుండుకుండే శక్తి 20 జౌల్స్ మించనంత వరకూ లైసెన్స్ అక్కర్లేదు, దాని చిన్న గుండ్లు, అదే పెల్లెట్లు, డబ్బాల్లో దొరుకుతాయి.

ఇక బావ పంపిస్తానన్న అచ్చు. మొదట చెప్పిన ఆయుధాల చట్టంలో మందుగుండు అంటే తూటా ఒక్కటే కాదు, దాని భాగాలూ, దాన్ని తయారుచేసే యంత్రాలూ కలిపి. మీ అచ్చు యంత్రం కిందికి వస్తుందా రాదా అని వకీలు పెట్టుకుని వాదించుకునే ఓపిక మీకుందా? ఈసారి ఊరికొచ్చేటప్పుడు చాక్లెట్లు తెస్తే చాలని చెప్పండి.