మూతి వంకరకు పసరా, స్టెరాయిడా?

"మావారికి ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు పోయింది. డాక్టరు స్టెరాయిడ్ రాశారు, అత్తగారు పసరు పోయిద్దామంటున్నారు. ఏది మంచిది?" అని అడిగారు. రెండూ వాడినవాణ్ణి, చెబుతాను.

ఒక సోమవారం పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్కనుంచి కారి బనీను తడిసిపోయింది. మా ఆవిడ చూసి "ఏంటండీ, పొద్దున్నే వెక్కిరిస్తున్నారు?" అంది. అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను మూతపడటం లేదు. ముందు రాత్రి చెవి వెనక నొప్పి పుడితే దిండు ఎత్తయిందనుకున్నాను.

మా పిన్ని "నిన్న బస్సులో కిటికీ పక్కన కూర్చున్నావు, గాలి కొట్టిందిరా" అని తేల్చేసి పసరాయన దగ్గరికి తీసుకెళ్లింది. చెవిలో పసరు, నలభై రోజులు పథ్యం, వంకాయ ముట్టకూడదు. కిటికీ గాలికే మూతి పోయేటట్లయితే ఆర్టీసీ కండక్టర్లందరికీ పోవాలి కదా!

మర్నాడు సాయంత్రం డాక్టరు దగ్గర పడ్డాను. "నుదురు ముడతలు పెట్టండి" అన్నారు. కుడివైపే పడ్డాయి. ముఖానికి వెళ్లే నరం వాచిందట, పేరు బెల్స్ పాల్సీ. అదే నుదురు రెండువైపులా కదులుతూ మూతి మాత్రం జారినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా, మాట తడబడినా పక్షవాతం కావచ్చు. అప్పుడు ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

నాకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 60 మిల్లీగ్రాములు ఐదు రోజులు, తర్వాత తగ్గించుకుంటూ మొత్తం పది రోజులు ఇచ్చారు. 72 గంటల్లోపు మొదలుపెడితేనే దాని గుణం బాగా కనిపిస్తుందట. నేను ఒకటిన్నర రోజు పసరుకు పోగొట్టుకున్నాను. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది, మీవారికి షుగరుంటే డాక్టరుకు ముందే చెప్పండి.

పసరాయనకు అంత పేరెలా వచ్చిందంటే, ఏ మందూ వాడకపోయినా పదిమందిలో ఏడుగురికి దానంతటదే తగ్గిపోతుంది. నలభై రోజుల పథ్యం పెట్టింది అందుకేనని నా గట్టి నమ్మకం. 2007లో స్కాట్లాండ్‌లో చేసిన పరీక్షలో మూడు నెలలకు ప్రెడ్నిసొలోన్ వాడినవాళ్లలో 83 శాతం మంది పూర్తిగా కోలుకుంటే, వాడనివాళ్లలో 64 శాతమే.

అసలు నన్ను ఏడిపించింది కన్ను. దాని గురించి మందుల చీటీలో ఒక్క ముక్క లేదు. మూడో రోజుకు ఎర్రబడి మంటెత్తితే కళ్ల డాక్టరు పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ ఇచ్చారు. నెలన్నర పాటు రోజూ పడుకునేముందు మా ఆవిడే రెప్ప మూసి టేపు అంటించింది.

మీవారికి మొదలై ఎన్నాళ్లయిందో రాయలేదు. నిన్నో మొన్నో అయితే, అత్తగారికి తర్వాత నచ్చజెప్పొచ్చు, ముందు ఆ మాత్రలు మొదలుపెట్టించండి.