మోటుపల్లిలో ఓడ పగిలిన రాత్రి: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన కాకతీయ క్యాంపెయిన్, అంటే డైస్ వేస్తూ తలా ఒక పాత్రగా ఆడే ఆటకు నువ్వు రాసిన కథ, రెండు రాత్రులు కూర్చుని చదివాను. నలభై పేజీల్లో ముప్పై చరిత్రే. బేతరాజు దగ్గర మొదలుపెట్టి 1323లో ఓరుగల్లు పడిపోయేదాకా ఒక్క యుద్ధం కూడా వదల్లేదు. నీ కష్టం కనిపిస్తూనే ఉంది. కానీ ఆటకు కూర్చున్నవాడు డైస్ చేతిలోకి తీసుకుని "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని అడుగుతాడు చూడు, దానికి ఆ ముప్పై పేజీల్లో జవాబు లేదు. ఏ యుద్ధం ఎలా ముగుస్తుందో నువ్వే చెప్పేశావు. ఇక వాడికి మిగిలింది చప్పట్లు కొట్టడమే.

నన్నడిగితే రాజుల్ని కాసేపు పక్కన పెట్టి మోటుపల్లి వెళ్లు. బాపట్ల జిల్లాలో ఇప్పుడది మామూలు ఊరే. కాకతీయుల కాలంలో మాత్రం పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర ఒక స్తంభం మీద గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కంటే డబ్బే ఎక్కువనుకుని సముద్రం మీద అంత సాహసం చేసి వస్తున్నారు పాపం, వీళ్ల దగ్గర సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని గణపతిదేవుడు మాటిచ్చాడు. సుంకం ముప్పైకి ఒకటి. చందనానికి ఎంత, కర్పూరానికి ఎంత అని విడివిడిగా కూడా చెక్కించాడు. రాజుగారి దయ, రేట్ల పట్టిక ఒకే రాయి మీద ఉన్నాయన్నమాట.

ఇప్పుడు ఒక రాత్రిని ఊహించు. శాసనం వేసి ఇంకా ఏడాది కాలేదు. గాలివాన, రేవు బయట ఓడ పగిలింది. ఒడ్డున ఒక జాలరి తడిసిన పట్టుమూట మీద చెయ్యి వేశాడు. కొట్టుకొచ్చింది దొరికినవాడిదే అని వాళ్ల తాత చెప్పిన మాట. సుంకరి దివిటీ పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. సరుకు తాలూకు వర్తకుడు ఇసుకలో కొన ఊపిరితో ఉన్నాడు. వాడు పోతే మూట ఎవరిది? అతని పక్కన కూర్చున్న గుమాస్తా మాత్రం ఏడవడం లేదు, మూటలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఈ పాత్రలు నీ వాళ్లకు పంచిపెట్టి ఊరుకో. కత్తి తియ్యకుండానే గంటసేపు కొట్టుకుంటారు.

మరి ఫాంటసీ ఏదీ అంటావు. రాజు మాటిచ్చింది మనుషుల తరఫున. సముద్రాన్ని ఎవరూ అడగలేదు. తెల్లారేసరికి అది తన ముప్పైవ వంతు కోసం ఊళ్లోకి వచ్చిందనుకో. ఏ ఇంట్లో ఎంత సరుకు దాచారో ఆ గడపలో అంత లోతు నీళ్లు. సుంకరి ఇంట్లో నడుముదాకా! ఈ మాయ శాసనంలోంచే పుట్టింది. నీ డ్రాఫ్టులో డ్రాగన్ ఓరుగల్లు కోట మీద ఎందుకు వాలిందో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

అసలు ఆ కాలంవాళ్లే మనకు బోలెడు మాయ వదిలి వెళ్లారు. మార్కో పోలో ఈ రాజ్యం గురించి చెబుతూ, పాములు నిండిన లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయని, గద్దలు ఆ మాంసాన్ని పైకి తెస్తాయని రాశాడు. రుద్రమదేవిని గణపతిదేవుడి కూతురని తెలియక భార్యను చేసేశాడు. ఇలాంటి తప్పులు దిద్దకు. రేవులో తాగి వాగే నావికుడి నోట పెట్టు. ఇక చందుపట్ల శాసనం 1289లో రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారని చెబుతుంది. ఎలా చనిపోయారో చెప్పదు. డైస్ వెయ్యాల్సింది అలాంటి చోట.

వెయ్యకూడని చోటు కూడా ఉంది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో తేలతాయి కదా, నువ్వు వాటిని గంధర్వుల పని అని రాశావు. కొట్టెయ్. మట్టి గుణం తెలిసిన మనుషులు చేసి కాల్చిన ఇటుకలవి. వాళ్ల పేర్లు ఎలాగూ మనకు తెలియవు. పనితనం కూడా గంధర్వులకు ఇచ్చేస్తే ఎలా?

ఢిల్లీ సైన్యాన్ని కోరలున్న రాక్షసులుగా రాయడం కూడా నాకు నచ్చలేదు. ప్రతాపరుద్రుడి కొలువులోని ఒక తెలుగువాడు ఓరుగల్లు పడ్డాక ఢిల్లీ చేరి, మతం మారి, మాలిక్ మక్బూల్ పేరుతో ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరయ్యాడు. ఆయన దగ్గర్నుంచి ఓరుగల్లులో ఉండిపోయిన చెల్లెలికి ఒక ఉత్తరం వచ్చిందనుకో. చెల్లెల్ని నేను కల్పించాను, వజీరు నిజం. ఆ ఉత్తరం చదివాక నీ ఆటగాళ్లకు కోరలు గుర్తుండవు.

చిన్న వివరాల సంగతి నన్ను చూసి నేర్చుకో. నా మొదటి ఆటలో మోటుపల్లి పూటకూళ్ల ఇంట్లో మిరపకాయ బజ్జీలు పెట్టాను. వర్ణన బాగానే కుదిరింది, అందరూ లొట్టలేశారు. అప్పుడు ఒక అమ్మాయి నెమ్మదిగా "మిరపకాయ పోర్చుగీసువాళ్లతో కదా వచ్చింది?" అంది. మిగిలిన ఆటంతా బజ్జీ మీద జోకులే. ఆ తర్వాత క్రీడాభిరామం తీసి చదివితే ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, పెసరపప్పు! భోజనం ధర దొరికింది కదా, దాన్నిబట్టి పడవ కూలి, కత్తి ఖరీదు నేనే లెక్క కట్టుకున్నాను. ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరగడమే ఆ కావ్యం. చక్కగా ఒక సెషన్‌కు సరిపోతుంది.

వచ్చే నెల చీరాలలో పెళ్లికి వస్తున్నాను. ముహూర్తం రాత్రికి, పగలంతా ఖాళీ. నువ్వూ రా, మోటుపల్లి వెళ్లి స్తంభం చూసొద్దాం. డైస్ మర్చిపోకు. గుమాస్తా పాత్ర నాకు ఉంచు.

ఉంటాను,
అన్నయ్య