ముందు ఆ ఒక్క సీను చూడు

తమ్ముడూ,

షేక్‌స్పియర్ నాటకం ‘కింగ్ లియర్’ ఆధారంగా వచ్చిన సినిమాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. కష్టపడ్డావు, అందుకే ఉన్నమాట చెబుతున్నాను. ఏ సినిమా మూలానికి దగ్గరగా ఉంది, ఏది పక్కకి జరిగింది అని మార్కులు వేసుకుంటూ పోయావు. అలా వేస్తే ఇంగ్లిష్ దర్శకుడు పీటర్ బ్రూక్‌కి ఫస్ట్ క్లాసు, జపాన్ దర్శకుడు కురొసావాకి అత్తెసరు మార్కులూ వచ్చాయి. ఇది అన్యాయం.

కథంతా పక్కన పెట్టు. ముసలిరాజు ‘నా మీద ఎవరికెంత ప్రేమ?’ అని పిల్లల్ని అడిగే సీను ఒక్కటే పట్టుకో. 1971 నాటి బ్రూక్ సినిమాలో ముందు చప్పుడే ఉండదు. కెమెరా మెల్లగా ముఖాల మీదుగా జరుగుతుంది, ఆ తర్వాతే రాజు నోరు విప్పుతాడు. ఇంచుమించు అదే సమయంలో రష్యాలో కొజింత్సెవ్ తీసినదాంట్లో, సభ కంటే ముందు రాళ్లనేల మీద కోటవైపు నడిచొచ్చే బీదజనం కనిపిస్తారు. రాజుగారింట్లో పంపకాలు తేలకముందే, ఆ దెబ్బ ఎవరికి తగలబోతోందో మనకు అర్థమైపోతుంది.

కురొసావా ‘రాన్’ (1985)లో కూతుళ్ల బదులు కొడుకులు. లియర్ స్థానంలో ఉన్న ముసలిదొర హిదెతొరా ఒక్కొక్కరికీ ఒక్కో బాణమిచ్చి విరవమంటాడు, విరిచేస్తారు. మూడూ కలిపిస్తే పెద్దవాళ్లిద్దరి వల్లా కాదు. చిన్నవాడు సబురో మోకాలికేసి విరగ్గొట్టేస్తాడు. దాన్ని ‘మార్పు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు! ఇంకా పెద్ద మార్పు వేరే ఉంది. షేక్‌స్పియర్ లియర్‌కి గతం ఇవ్వలేదు, కురొసావాకి అది లోటనిపించింది. అందుకే ఈ ముసలాయన పెద్దకోడలి పుట్టింటివాళ్లను చంపించినవాడు, రెండో కోడలి తమ్ముడి కళ్లు పోగొట్టినవాడు. ఆయన పిచ్చెక్కి తిరుగుతుంటే జాలిపడాలో, తగిన శాస్తి జరిగిందనుకోవాలో తెలియదు. నీ వ్యాసంలో సగం ఆ ఇబ్బంది గురించే ఉండాలి.

ఇక ‘గుణసుందరి కథ’ (1949). ‘సుఖాంతం చేసి చెడగొట్టారు’ అన్నావు. తొందరపడ్డావు. 1681లో ఇంగ్లండ్‌లోనే నాహమ్ టేట్ లియర్‌ని బతికించి, చిన్నకూతురు కార్డీలియాకి పెళ్లి కుదిర్చి నాటకం తిరగరాశాడు. ఒకటిన్నర శతాబ్దం దాకా అక్కడి స్టేజీల మీద ఆడింది ఎక్కువగా అదే. సుఖాంతం సంగతి వదిలేసి, మూలంలో కార్డీలియా మాట చూడు: పెళ్లయితే నా ప్రేమలో సగం భర్తకు వెళ్లిపోతుంది అంటుంది. మన గుణసుందరి, ఆడదానికి భర్తే దైవం అంటుంది. ఆ సగాన్ని పింగళి, కె.వి.రెడ్డి మొత్తం చేసేశారు. రాజు కోపంతో ఆమెను ఓ అవిటివాడికి కట్టబెడతాడు, అక్కణ్ణుంచి కథ తండ్రిని వదిలి కూతురి వెంట నడుస్తుంది. ఇది తేలిగ్గా తీసిపారేసే పని కాదు. ఆ పతిభక్తి మీద నీకు అభ్యంతరం ఉంటే గట్టిగా రాయి, నేనూ చదువుతాను. కానీ వాళ్లేం చేశారో ముందు చూపించు.

బ్రూక్ సినిమాలో ముఖాల గురించి రాసిన పేరా చాలా బాగుంది, దాన్ని ముట్టుకోకు. మిగతాది మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య