బడిసంచి గేయం రాసిన అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

బడిపిల్లల కోసం నువ్వు రాసి పంపిన సంచి గేయం అందింది. మాత్రలు కుదిరాయి, నడక బాగుంది, పిల్లలు గొంతెత్తి పాడుకోవడానికి వీలుగానే ఉంది. నవ్వు మాత్రం పండలేదు. సంచి మోసే పిల్లవాడు మొదటి చరణం నుంచే నవ్వుతున్నాడు, నాలుగో చరణానికి వచ్చేసరికి ‘హహ్హహ్హ’ అని కూడా అంటున్నాడు. ఇక చదివేవాళ్లు నవ్వడానికి ఏమి మిగిలింది?

నువ్వు చిన్నప్పుడు విన్న నల్లి పద్యాన్ని మరొకసారి ముందు పెట్టుకో.

శివుడద్రిని శయనించుట
రవిచంద్రులు మింట నుంట రాజీవాక్షుం
డవిరళముగ శేషునిపై
బవళించుట నల్లిబాధ పడలేక సుమీ

నోటినోటా తిరిగే చాటుపద్యం కనుక చెప్పినవాడెవడో మనకు అక్కరలేదు. ఇది కందం, నాలుగు పాదాలకు కలిపి పదహారు గణాలు. అందులో పన్నెండు గణాలు గడిచేదాకా నల్లి పేరు ఎక్కడా లేదు. కైలాసం, ఆకాశం, పాలకడలి అన్నీ వరుసగా వచ్చిపోతాయి; ‘రాజీవాక్షుడు’, ‘అవిరళముగ’ వంటి నిండైన మాటలు పురాణం విప్పుతున్న పద్ధతిలో సాగుతాయి; వినేవాడు ఏదో గొప్ప తత్త్వరహస్యం బయటపడబోతోందని చెవి ఒగ్గిన సమయానికి మంచంలోని పురుగు దిగుతుంది. చివర ‘సుమీ’ ఉంది చూడు, అది లేకపోతే పద్యం సగం చచ్చిపోతుంది. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియని సంగతిని నీ ఒక్కడి చెవిలో చెబుతున్నానన్న నమ్మకం అందులో పలుకుతుంది. ఆ కవి ఎక్కడా నవ్వలేదు. తనను రాత్రంతా నల్లులు కుట్టి చంపాయన్న మాట కూడా ఎత్తలేదు, దేవతల పడకలను మాత్రమే పరిశీలించాడు. ఆ పరిశీలనలో తర్కం కూడా తప్పలేదని గమనించు: ఒకరు కొండమీద, ఇద్దరు మింట, ఒకరు పాముమీద ఉన్నారు, ఎవరికీ మంచం లేదు.

అయితే ఈ పద్యానికి నవ్వాలంటే నల్లి సంగతి తెలిసి ఉండాలి. నులకమంచాన్ని ఎండలో పడేసి కొట్టడం, మంచం కోళ్ల సందుల్లో సలసల కాగిన నీళ్లు పోయడం ఇప్పటి పిల్లలు చాలామంది చూడలేదు (హాస్టలు పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదనుకో). పద్యం చదివిన తరువాత ఆ వివరం చెబితే నవ్వు రాదు, పాఠం వస్తుంది. ముందుగా చెప్పి, పద్యాన్ని ఆపకుండా చదవాలి. నీ గేయానికీ ఇదే వర్తిస్తుంది: పిల్లలకు తెలిసిన వస్తువును ఎంచుకున్నావు, కాబట్టి ఆ పని నీకు తప్పింది.

హాస్యం వరకు నల్లి పద్యం చాలు. వ్యంగ్యం కావాలంటే శ్రీనాథుడిదిగా చెప్పుకునే పల్నాటి చాటువును చూడాలి.

సిరిగలవానికి జెల్లును
దరుణుల బదియారువేల దగ బెండ్లాడన్
దిరిపెమున కిద్దరాండ్రా
పరమేశా గంగ విడుము పార్వతి చాలున్

పైకి ఇది సంసారం గురించిన సలహా. కలవాడైన కృష్ణుడు పదహారువేలమందిని కట్టుకున్నా చెల్లుతుంది గాని, ముష్టెత్తుకునే నీకు ఇద్దరెందుకయ్యా అని పెద్దమనిషి తరహాలో శివుణ్ణి మందలిస్తున్నాడు. క్లాసులో పిల్లలు ఇద్దరు పెళ్లాల మాటకే నవ్వేసి అక్కడ ఆగిపోతారు. అప్పుడు ఒక్క ప్రశ్న వేస్తే చాలు: ఇంతకీ ఈ మాట అన్నవాడికి ఏం కావాలి? పల్నాడు ఆ రోజుల్లో నీళ్లు దొరకని సీమ అని తెలిసిన పిల్లవాడు ‘గంగ విడుము’ దగ్గరకు తిరిగి వెళతాడు. దాహం అన్న మాట పద్యంలో లేదు, అడిగినది మాత్రం నీళ్లే. నల్లి పద్యంలో ఇలా దాచిపెట్టిన కోరిక ఏదీ లేదు. పైమాట ఒకటి, లోపలి అవసరం మరొకటి అయినప్పుడు మాత్రమే దాన్ని వ్యంగ్యం అనాలని పిల్లలు ఈ రెండు పద్యాలను పక్కపక్కన పెట్టుకుంటే తామే పట్టుకుంటారు. నిర్వచనం బోర్డు మీద రాయవలసిన పని ఉండదు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకం లెక్క చెప్పి రామదాసు రాముణ్ణి నిలదీశాడే, దాన్ని కూడా కొందరు వ్యంగ్యమని రాస్తుంటారు. అది నిష్ఠూరం. ఆయన అనుకున్నదే అన్నాడు, దాచినదేమీ లేదు.

ఇప్పుడు నీ సంచి. చివరి రెండు చరణాల్లో ‘ఇంత బరువు తగునా, ఇది మాకు న్యాయమా’ అని పిల్లవాడి చేత మొర పెట్టించావు. అవి తీసెయ్యి. సంచి బరువు పిల్లవాడి బరువులో 10 శాతం మించకూడదని కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన విధానం చెబుతుంది. దాన్ని నల్లి పద్యం తర్కంతో పట్టుకో. పాతిక కిలోల పిల్లవాడు అయిదు కిలోల సంచి మోస్తున్నాడనుకో. సంచి తగ్గే సూచన లేదు, నియమమూ చెడకూడదు, కాబట్టి వాడే యాభై కిలోలకు పెరగాలి. అందుకోసం వాళ్లమ్మ పూటపూటా గరిటెడు నెయ్యి వడ్డిస్తోంది, వాడు నియమాన్ని కాపాడడానికి కష్టపడి తింటున్నాడు. ఈ మాటలు వాడు ఎంతో బాధ్యతగా, బడిమీద గౌరవంతో చెప్పాలి. ఒక్క చోట విసుగు కనబడినా పట్టు జారిపోతుంది. ఆంజనేయుడి చరణం బాగుంది, ఉంచు, కాని ఆయన సంజీవని కొండను మోసింది రోజూ కాదన్న మాటను చరణం మొదట్లోనే బయటపెట్టేశావు. చివరి పాదానికి దించు.

మూడో చరణంలో లావుపాటి పిల్లవాణ్ణి సంచితో పోల్చి నవ్వించబోయావు. అది వద్దు. ప్రతి క్లాసులోనూ అలాంటి పిల్లవాడు ఒకడు కూర్చుని ఉంటాడు, మిగిలిన వాళ్లందరూ వాడివైపు తిరుగుతారు. నీ గేయం ఆ తరువాత ఏడాదంతా వాడికి పేరుగా అతుక్కుంటుంది. నల్లి పద్యం దేవుళ్ల జోలికి పోయింది, గంగ పద్యమూ అంతే. వాళ్లు తట్టుకోగలరు.

గేయం కింద ‘భావం’ అని ఆరు పంక్తులు రాశావు, దాన్నీ కొట్టివెయ్యి. కఠినపదాలకు అర్థాలిస్తే ఇవ్వు. ప్రశ్నలు పెట్టక తప్పదంటే రెండు చాలు: పిల్లవాడు పైకి ఎవరిని మెచ్చుకుంటున్నాడు, వాడికి నిజంగా కావలసినది ఏమిటి. సవరించిన ప్రతిని నాకు పంపేముందు నాలుగో తరగతి పిల్లల ముందు నువ్వే చదువు, చదివేటప్పుడు నవ్వకు, వాళ్లు ఏ పాదం దగ్గర నవ్వారో అంచున గీత పెట్టి ఆ ప్రతినే పంపు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి